రిఫ్లెక్టివ్ డిస్కర్సివ్ వ్యాసం ఎలా కట్టాలి? ఆదివారం క్లాసులో తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై పెరంబూరులో మా మేడ మీద ఆదివారం పొద్దున వ్యాసరచన క్లాసు జరుగుతుంది. తొమ్మిదో తరగతి పిల్లల నుంచి సివిల్స్‌కి చదివేవాళ్ళ దాకా వస్తారు. అందరివీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో ఇంగ్లీషు బతుకులే. వాళ్ళు అడిగేవి కూడా ఏటా దాదాపు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఉదాహరణకి మా క్లాసులో ప్లస్ వన్ (పదకొండో తరగతి) చదివే ఒకమ్మాయి వ్యాసాన్నే పేజీ పొడుగునా వాడుకున్నాను. తనని అడిగే వాడాను.

అసలు ఈ వ్యాసం ఏమిటి? మామూలు వ్యాసానికీ దీనికీ తేడా ఎక్కడ?

బళ్ళో మనకి అలవాటైన వ్యాసం ఒకటే అచ్చులో ఉంటుంది. 'సెల్‌ఫోన్ లాభనష్టాలు' అనగానే ఉపోద్ఘాతం, ఐదు లాభాలు, ఐదు నష్టాలు, చివర 'మితంగా వాడితే మేలు'. రాసిన పిల్లకి అసలు సెల్‌ఫోన్ ఉందో లేదో చదివినవాళ్ళకి తెలియదు. వాదించే వ్యాసం ఇంకో రకం. మొదటి పేరాలోనే తీర్పు చెప్పేసి, ఆ తర్వాత సాక్షుల్ని ఒక్కొక్కరినీ పిలవడం.

మనం చెప్పుకునే వ్యాసం మీకు జరిగిన ఒక చిన్న సంగతితో మొదలవుతుంది. ఆ సంగతి మీలో ఒక ప్రశ్న లేపుతుంది. ఆ ప్రశ్న పట్టుకుని మీరు ఇంటి గడప దాటతారు, ఊరి సంగతి, చరిత్ర, ఎదుటివాళ్ళ మాట అన్నీ వింటారు, మళ్ళీ ఇంటికొస్తారు. బయల్దేరినప్పుడు ఉన్న అభిప్రాయం తిరిగొచ్చేసరికి కొంచెమైనా కదిలి ఉండాలి. అది కదలకపోతే ఎంత చక్కగా రాసినా నేను మార్కులు వెయ్యను. 'ఎస్సే' మాటకి మూలమైన ఫ్రెంచి మాటకి అర్థం ప్రయత్నం, పరీక్షించి చూడటం. 1580లో ఫ్రెంచి రచయిత మాంటేన్ తన రచనలకి ఆ పేరు పెట్టాడు.

మా టీచర్ రిఫ్లెక్టివ్ వేరు, డిస్కర్సివ్ వేరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

టీచర్ మాటే నమ్మండి, మార్కులు వేసేది ఆవిడ. స్కాట్లండ్ బడుల్లో సొంత అనుభవం మీద ఆలోచించే రచన ఒక కోవ, డిస్కర్సివ్ ఇంకో కోవ. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ పన్నెండో తరగతి ఇంగ్లీషు సిలబస్‌లో కూడా ఆ రెండు పేర్లూ విడివిడిగానే ఉంటాయి. అక్కడ చదివే మనవాళ్ళ పిల్లలు ప్రశ్నపత్రంలో ఏ మాట ఉందో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. రిఫ్లెక్టివ్ అంటే బరువు మీ అనుభవం మీద, మీలో వచ్చిన మార్పు మీద. డిస్కర్సివ్ అంటే బరువు విషయం మీద, దాన్ని నాలుగు వైపుల నుంచీ చూడటం మీద. రెండూ కలిపి అడిగితే అనుభవం తలుపు, చర్చ ఇల్లు.

ఇది ఇంగ్లీషువాళ్ళ సరుకు కదా, తెలుగులో ఉందా?

ఉంది, అదీ ఈ ఊళ్ళోనే. పానుగంటివారి సాక్షి వ్యాసాలు వచ్చిన ఆంధ్రపత్రిక మద్రాసులోనే అచ్చయ్యేది. అంతకు చాలా ముందు, 1862లో వచ్చిన సామినేని ముద్దునరసింహం 'హితసూచని'లో ఇలాంటి రచనలకి 'ప్రమేయం' అని పేరు. ఆ మాట ఎందుకో నిలవలేదు. నాకు మాత్రం ఇష్టం.

టాపిక్ ఎలా ఎంచుకోవాలి?

మిమ్మల్ని గిల్లేది ఎంచుకోండి. పెద్దది వద్దు. 'పర్యావరణం', 'మాతృభాష', 'నేటి యువత' లాంటివి టాపిక్‌లు కావు, సముద్రాలు. వాటిలో దిగితే కాళ్ళు అందవు.

ఆ అమ్మాయి మొదట 'నీటి కొరత' అని తెచ్చింది. మొదటి వాక్యం 'నీరు సకల జీవరాశికి ప్రాణాధారం'. నోటుబుక్కు మూసెయ్యమని, నీళ్ళ వల్ల నీకెప్పుడైనా ఏడుపొచ్చిందా అని అడిగాను. వచ్చిందట. 2019 ఎండాకాలంలో తను ప్రైమరీలో ఉంది. నీళ్ళ లారీ వచ్చే రోజున వీధి చివర వరసలో బిందెకి కాపలా కూర్చోవడం తన డ్యూటీ. ఒకరోజు మంచినీళ్ళు తాగడానికి ఇంట్లోకి వెళ్ళొచ్చేసరికి బిందెని ఒకావిడ వరసలోంచి తీసి గోడవార పెట్టింది. ఆ రోజు నీళ్ళు దొరకలేదు. అమ్మ తిట్టలేదు, అదే ఎక్కువ ఏడిపించిందట.

ఇంకోటి కూడా చెప్పింది, కొంచెం నసుగుతూ. రెండేళ్ళ తర్వాత సత్యవేడు వైపు ఉన్న అమ్మమ్మ ఊరికి వెళ్తే, రాత్రిపూట మామయ్య కాలువలో ఇంజను పైపు వేసి పొలానికి నీళ్ళు పెడుతున్నాడు. అది చెన్నైకి కృష్ణా నీళ్ళు తెచ్చే కాలువ. ఇటు తను, అటు మామయ్య. ఇంక టాపిక్ కోసం వెతకాల్సిన పని లేదు.

మాకు అలాంటి పెద్ద సంఘటనలేమీ జరగలేదు. ఏం చెయ్యాలి?

బిందె గోడవార పెట్టడం పెద్ద సంఘటనా? ఆటోలో మీరు తెలుగు మాట్లాడుతుంటే డ్రైవరు అద్దంలోంచి చూసిన చూపు చాలు. తాతయ్య ఫోన్లో నంబర్లు సేవ్ చేసుకోవడం మానేసి మళ్ళీ డైరీ తీయడం చాలు.

ఎత్తుగడ సామెతతోనో మహానుభావుల మాటతోనో మొదలుపెట్టవచ్చా?

పెట్టవచ్చు, దిద్దేవాళ్ళు ఆ రోజు అలాంటివి ఇంకో నలభై చదివి ఉంటారు. సామెత మీద కోపం లేదు నాకు. కానీ సామెత అంటే అందరూ ఒప్పేసుకున్న మాట. ఆలోచన మొదలుకావలసిన చోట ఒప్పేసుకున్న మాట పెడితే, ఇంక ఆలోచించడానికి ఏముంది? అంతగా పెట్టాలనుంటే దాంతో గొడవపడటానికి పెట్టండి.

ఆ అమ్మాయి నాలుగో చిత్తుప్రతిలో ఎత్తుగడ ఇదీ: 'ఆ ఎండాకాలం మా వీధిలో నా పేరు మంజకొడం. తమిళంలో పసుపు బిందె అని. బిందె వరసలో ఉన్నంతసేపూ నేను ఉన్నట్టు, అది లేకపోతే లేనట్టు.' ప్రాణాధారం ఎగిరిపోయింది, ఎవరూ వెతుక్కోలేదు.

ఎత్తుగడలో సన్నివేశం కురచగా ఉండాలి. వెయ్యి మాటల వ్యాసమైతే నూట యాభై మాటలు దాటకండి. కథ బాగా చెప్పేవాళ్ళతోనే చిక్కు, వాళ్ళు సన్నివేశంలోనే కాపురం పెట్టేస్తారు.

మధ్యలో పేరాలు ఏ వరసలో ఉండాలి? ఒకవైపు, మరోవైపు అని రాస్తే చాలదా?

అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇదే. జవాబు కూడా పొడుగే.

ఒకవైపు-మరోవైపు పద్ధతి తక్కెడ లాంటిది. రెండు పళ్ళాల్లో చెరో మూడు పాయింట్లు పడేసి, ముల్లు మధ్యలో నిలబడగానే ముగిస్తారు. ముల్లు కదలదు కాబట్టి రాసినవాళ్ళూ కదలరు. దీని బదులు మా అమ్మ వేసే మెలికల ముగ్గు తలుచుకోమంటాను. ముందు చుక్కలు పెడుతుంది. తర్వాత ఒకే గీత, చుక్కని తాకకుండా దాని చుట్టూ తిరిగి, పక్క చుక్క దగ్గరికి వెళ్ళి, దాని చుట్టూ తిరిగి, చివరికి మొదలైన చోటే కలుస్తుంది. మీకు తెలిసిన సంగతులు చుక్కలు, మీ ఆలోచన గీత. చుక్కలన్నీ బాగా పెట్టి గీత గీయడం మర్చిపోయిన వ్యాసాలు మా ఇంట్లో ఒక బీరువాడు ఉన్నాయి.

ఆ అమ్మాయి చుక్కలు ఏమిటో చూడండి. 2019 జూన్ నాటికి ఊరికి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ దాదాపు ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చారు. చెన్నైకి కృష్ణా నీళ్ళు ఇచ్చే తెలుగుగంగ ఒప్పందం 1983లో జరిగింది, నీళ్ళు పూండి చేరింది 1996లో. ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి రాష్ట్ర సరిహద్దు దాకానే కాలువ పొడవు 150 కిలోమీటర్లకు పైగా. 2015 డిసెంబరులో ఇదే ఊరు వరదలో మునిగింది. 2003 నుంచి ప్రతి ఇంటికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి.

మొదటి చిత్తులో ఇవన్నీ ఏళ్ళ వరసలో ఉన్నాయి, ట్యూషన్ నోట్సు లాగా. మామయ్య ఇంజను చిట్టచివర, సినిమా ఇంటర్వెల్ బ్యాంగ్ లాగా. దాన్ని మధ్యకి తెమ్మన్నాను. తనకి నచ్చలేదు, ట్విస్ట్ పోతుందంది. ట్విస్ట్ చివర ఉంటే అది కథ అవుతుంది, చదివినవాళ్ళు 'అబ్బ' అని పేజీ తిప్పేస్తారు. మధ్యలో ఉంటే దాని తర్వాత ఆలోచించడానికి చోటు మిగులుతుంది. ఈ వ్యాసానికి కావలసింది ఆ చోటే.

చివరికి తేలిన వరస ఇది. బిందె పోయిన రోజు. ఆ కోపంతో మా నీళ్ళు ఎక్కడ ఆగిపోయాయని వెతకడం: ఎండిన చెరువులు, రైలు, ఒప్పందం, కాలువ. ఇక్కడి దాకా తను చెన్నై పిల్ల. తర్వాత రాత్రి, గట్టు మీద ఇంజను చప్పుడు, ఎండిన మామయ్య బోరు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియదు. అక్కడ ఒక పేరా అంతా తెలియకపోవడమే ఉంది, అది కొట్టెయ్యబోతే ఆపాను. తర్వాత గీత ఇంకో వైపు తిరుగుతుంది: ఇద్దరం ఒకే కాలువ కోసం కొట్లాడుతున్నాం సరే, 2015లో నాన్న మోకాళ్ళలోతున దాటుకుంటూ వచ్చిన ఆ నీళ్ళన్నీ ఎటు పోయాయి? తమ అపార్ట్‌మెంట్ ఇంకుడు పైపు మూతి ఎప్పుడో ఆకులతో మూసుకుపోయిందని అప్పుడే చూసింది. చూసి తను శుభ్రం చేసిందా అని అడగకండి, చెయ్యలేదు, అదీ రాసింది.

ఒక పేరా నుంచి ఇంకో పేరాకి ఎలా వెళ్ళాలి?

'అంతేకాకుండా', 'మరియు', 'ఇకపోతే' మానెయ్యండి, అవి చుక్క పక్కన చుక్క పెట్టే మాటలు. తిప్పే మాటలు మన ఇళ్ళలో బోలెడు ఉన్నాయి. 'పోనీ' చూడండి. 'పోనీ, మా నీళ్ళే అనుకుందాం.' ఎదుటివాళ్ళకి ఒక మెట్టు ఇచ్చి ఆ మెట్టు మీంచే కొత్త ప్రశ్న వెయ్యడానికి ఇంతకంటే పొట్టి మాట నాకు దొరకలేదు. 'మరి' కూడా అంతే: 'మరి మామయ్య?' అని ఒక్క పేరా మొదలెడితే చాలు. 'అంతమాత్రాన', 'అయినా', 'నిజానికి' ఉన్నాయి. 'నిజానికి' మాత్రం పేజీకి ఒకటి మించొద్దు, మించితే మిగతాదంతా అబద్ధమేమో అనిపిస్తుంది.

నాకు నచ్చని వాదన కూడా రాయాలా?

రాయాలి, అదీ ఆ వాదన చేసేవాళ్ళు చదివి తల ఊపేలా. 'కొందరు అవగాహన లేనివారు ఇలా అంటారు' అని మొదలెడితే అక్కడే చర్చ చచ్చిపోయింది.

ఆ అమ్మాయి తన పేరాని మామయ్యకి ఫోన్లో చదివి వినిపించింది. అందులో 'నీటి దొంగతనం' అని ఉంది. ఆయన కాసేపు మాట్లాడలేదట. తర్వాత, 'దొంగతనం అని రాయకు తల్లీ, ఇంజను వేశాడని రాయి. చదివేవాళ్ళు ఏమనుకుంటారో అనుకోనీ' అన్నాడు. తను ఆ మాట మార్చింది, ఎందుకు మార్చిందో కూడా ఇంకో నాలుగు వాక్యాలు రాసింది: లారీ దగ్గర తన బిందె పక్కన పెట్టినావిడని మనసులో దొంగ అనే అనుకుంది, ఆవిడ ఇంట్లో పరిస్థితేమిటో అడగలేదు. ఆ నాలుగు వాక్యాలే వ్యాసంలో అన్నిటికంటే బాగున్నాయి. అవి ఏ ప్లానులోనూ లేవు. ప్లాను వేసుకోండి, దారిలో దొరికినదానికి సంచీలో చోటు కూడా ఉంచుకోండి.

అంకెలు, సంవత్సరాలు పెట్టాలా?

పని చేసే అంకె పెట్టండి, కూర్చునే అంకె తీసెయ్యండి. తన చిత్తులో తెలుగుగంగ ఒప్పందంలోని '15 టీఎంసీలు' ఊరికే కూర్చుని ఉంది. టీఎంసీ అంటే ఎంత అంటే తనకీ తెలియదు. లెక్క కట్టించాను. ఒక టీఎంసీ వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. జోలార్‌పేట రైలు ఒక్కసారికి తెచ్చింది 25 లక్షల లీటర్లు. ఒక్క టీఎంసీ తేవాలంటే అలాంటి రైళ్ళు 11 వేలకు పైగా కావాలి. ఇప్పుడు కాలువ ఎందుకు కావాలో, గట్టు పక్క ఇంజను మీద ఇంత రభస ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఖాయంగా తెలియని అంకె ఏదైనా ఉంటే వదిలెయ్యండి. 'దాదాపు 80 శాతం మంది' అని గాల్లోంచి తీసినది దిద్దేవాళ్ళు ఇట్టే పసిగడతారు.

'నేను' అని రాయవచ్చా? బళ్ళో వద్దన్నారు.

ఇందులో 'నేను' లేకపోతే వ్యాసమే లేదు. కొట్టెయ్యాల్సింది 'నా అభిప్రాయం ప్రకారం', 'నాకు అనిపించేదేమిటంటే' లాంటివి. ఆ నేను ఏమీ చూడదు, ఏమీ చెయ్యదు, వాక్యం ముందు వాచ్‌మన్‌లా నిలబడుతుంది.

తెలుగులో రాయాలనుంది, కానీ మాకు పుస్తకాల తెలుగు రాదు.

తమిళనాట 2006 చట్టం వచ్చాక పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి కాబట్టి మీలో చాలామంది తెలుగు చదవడం ఇంట్లోనే నేర్చుకున్నారు. అందులో సిగ్గుపడేది లేదు. ఇంట్లో మాట్లాడే తెలుగే రాయండి. 'కొడం' అని వస్తే రానివ్వండి, ఒత్తులు తప్పితే నేను దిద్దుతాను. 'వెల్లివిరియుచున్నది' అని రాస్తే మాత్రం దిద్దలేను.

ముగింపులో ఏదో ఒకటి తేల్చాలి కదా?

తేలితే తేల్చండి. తేలకపోతే తేలినట్టు నటించకండి. 'కావున మనమందరం నీటిని పొదుపుగా వాడుదాం' అన్న వాక్యం రాయడానికి మూడు పేజీల ఆలోచన అవసరం లేదు, అది లారీ వెనకాలే రాసి ఉంటుంది. నేను చెప్పేది ఒకటే: గీత మొదలైన చోటికి తిరిగి రండి, కానీ ఆ చోటు ఇప్పుడు వేరేలా కనబడాలి. తన ముగింపులో పసుపు బిందెకి చిల్లు పడింది, అమ్మ అందులో కరివేపాకు మొక్క వేసింది. దాని తర్వాత ఇంకో వాక్యం ఉండేది, 'ఆ మొక్కకి నీళ్ళు పోస్తుంటే ఇవి ఎవరి పొలం పక్కనుంచి వచ్చాయో అనుకుంటాను' అని. ఉంచాలా తీసెయ్యాలా అని క్లాసంతా గంటసేపు కొట్లాడుకున్నాం. నేను తీసెయ్యమన్నాను. తను ఉంచింది.

సివిల్స్ ఎస్సేకి ఈ పద్ధతి పనికొస్తుందా?

కొంతవరకే. అక్కడ మూడు గంటల్లో రెండు వ్యాసాలు, ఒక్కోటి 125 మార్కులకి, 1000 నుంచి 1200 మాటల్లో రాయాలి. మీడియం తెలుగు పెట్టుకుంటే తెలుగులోనూ రాయవచ్చు. టాపిక్ వాళ్ళిస్తారు కాబట్టి మీ బిందె కోసం వెతుక్కునే టైము ఉండదు. సన్నివేశం నాలుగైదు వాక్యాలకి కుదించండి, చరిత్ర, ఆర్థికం, పాలన వైపుల నుంచి చూసే చుక్కలు పెంచండి. ఆలోచన కదలాలన్న షరతు మాత్రం అక్కడా ఉంది.

రాశాక ఎలా సరిచూసుకోవాలి?

ప్రతి పేరా పక్కనా అది చెప్పేదేమిటో ఒక్క ముక్కలో రాయండి. రెండు పేరాల పక్కన ఒకే ముక్క వస్తే ఒకటి పోవాలి. తర్వాత పేరాలు కత్తిరించి నేల మీద పరిచి వరస మార్చి చూడండి. ఎలా మార్చినా తేడా తెలియకపోతే మీ దగ్గరున్నవి చుక్కలే. ఫ్యాన్ ఆపి చెయ్యండి, అనుభవంతో చెబుతున్నాను.

అమ్మానాన్నలం మేం సాయం చెయ్యవచ్చా?

వినండి. అక్షరదోషాలు చెప్పండి. 'ఇంటి సంగతులు ఎందుకు రాశావు' అని మాత్రం అనకండి. ఏ ఇంటి సంగతి బయట పెట్టాలో వద్దో పిల్లలతో కూర్చుని ముందే మాట్లాడుకోండి.

ఏఐతో రాయించుకుంటే?

చక్కటి వ్యాసం వస్తుంది. మంజకొడం రాదు.

శీర్షిక ముందు పెట్టాలా, చివరా?

చివర. ముందు పెడితే వ్యాసం దానికి ఊడిగం చేస్తుంది. తను మొదట 'నీరు - ప్రాణాధారం' అంది, తర్వాత 'మామయ్య ఇంజను' అంది, దానికి మామయ్య ఒప్పుకోలేదు. నేను 'మంజకొడం' పెట్టమన్నాను, ఎత్తుగడలో ఉన్నదే మళ్ళీ ఎందుకంది. చివరికి 'జీరో పాయింట్' పెట్టింది. ఊత్తుకోట్టై దగ్గర కాలువ ఆంధ్ర దాటి తమిళనాడులోకి వచ్చే చోటుని అలాగే అంటారు. మామయ్యకి నచ్చింది. పటంలో ఆయన ఊరికి అది వేలెడు దూరం కూడా లేదు.